అరవై పైసల నిద్ర

మూడో రొట్టె పెనం మీద ఉండగా కరెంటు బిల్లు వచ్చింది. బిల్లు కొట్టే మనిషి గేటు దగ్గరే నిలబడి మీటరు చూసుకున్నాడు, చేతిలోని మిషనులోంచి కాగితం చింపి తలుపు గొళ్లెంలో దోపి వెళ్లిపోయాడు. శిల్ప చేతులనిండా జొన్నపిండి. ఆమె లేచి దాన్ని తీసుకోకముందే అత్త శరణమ్మ మంచం మీది నుంచి అడిగింది.

"ఎంతొచ్చింది?"

ఆ ఇంట్లో బిల్లంటే అంతే. ఎంతొచ్చింది. కాగితం మీద జానెడు పొడుగున ఇంకా ఏవేవో వరసలుంటాయి, వాటిని ఎవరూ చూడరు. కింద లావుగా ఉన్న అంకె చూస్తారు. ఆ తర్వాత అది ఎవరి నెలో చూస్తారు.

ఈ నెలల పద్ధతి మామ మహాదేవప్ప పెట్టింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, ఒకటే ఇల్లు, ఒకటే మీటరు. రెండో మీటరు కావాలంటే ఇల్లు పంచాలి, తాను బతికుండగా పంచేది లేదన్నాడు. రెండు వందల యూనిట్లు దాటని ఇళ్లకు సున్నా బిల్లు వస్తోందని వాడంతా చెప్పుకుంటారు గాని, రెండు సంసారాలు నడిచే ఇంట్లో ఆ హద్దు ఏ నెలా నిలవలేదు. అందుకని ఒక నెల బిల్లు పెద్దకోడలు శిల్పది, ఒక నెల చిన్నకోడలు రమ్యది. కొడుకులది కాదు, కోడళ్లది. మగవాళ్లు ఇంటిఖర్చుకని చేతిలో పెట్టేదాంట్లోంచే అది కట్టాలి. "స్విచ్చిలు ఏసేది ఆడోళ్లు, తీసేది ఆడోళ్లు. మీటర్ వాళ్ల చేతులనే ఉంటది" అని మామ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు, కోడళ్లకేదో ఆస్తి రాసిచ్చినట్టు. తన గదిలో టీవీ పొద్దుగూకేదాకా మోగుతున్నా, కొడుకులిద్దరూ స్నానానికి పోతూ ఫ్యాన్లు అలాగే వదిలేసినా, అవి ఆడవాళ్ల చేతుల్లోనివే.

ఇంకో ఇంట్లో అయితే ఈ పద్ధతికి యారాళ్లిద్దరూ జుట్లు పట్టుకునేవాళ్లు. నీ నెలలో నువ్వు ఇస్త్రీ చేశావు, నా నెలలో నువ్వు మిక్సీ తిప్పావు అని. శిల్పకూ రమ్యకూ అలా కాలేదు. రమ్య కొత్తగా వచ్చిన మొదటి నెలలోనే, "అక్కా, నీ నెలల నేను పిసినారిదాన్నయిత, నా నెలల నువ్వు గావాలె" అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో శిల్పకు మాట్లాడే మనిషంటూ ఒకరు దొరికారు. కూతురు శ్రుతి గురుకులం బడిలో చేరి పండుగలకు తప్ప రాదు. భర్త అమర్నాథ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, తిని, ఫోను పట్టుకుని పడుకుంటాడు. వెనక వరండాలో గిన్నెలు తోముతూ రమ్యతో గడిపే గంట కోసమే శిల్ప మిగతా గంటలన్నీ దాటుకుంటూ వచ్చేది.

జూలైలో రమ్య గ్రైండరు తెచ్చుకుంది. పుట్టింటివాళ్లు చీరకని ఇచ్చిన డబ్బులు దాచి దాచి కొన్నది. దోసెల పిండి రుబ్బి పాకెట్లు కట్టి వాడలో అమ్ముతానంది. మామ మూతి విరిచాడు. మరిది సచిన్ విత్తనాల దుకాణంలో జీతగాడు, మెత్తని మనిషని పేరు. "చూద్దాం తియ్, నాలుగు దినాలు" అన్నాడు. నాలుగు రోజులు రెండు నెలలయ్యాయి. పొద్దున పది పన్నెండు పాకెట్లు పోయేవి. మినపప్పు నానబెట్టడం, పాకెట్లకు రబ్బరు బ్యాండ్లు వేయడం శిల్ప పని. ఆ డబ్బుతో రమ్య మొదట కొన్నది రెండు జతల చెప్పులు. ఒక జత శిల్పకు. "జీతం అక్కా నీకు. మొదటిసారి తీస్కుంటున్నవ్ గద, జర నవ్వు" అంది.

ఇప్పుడు శిల్ప నెల. కాగితం కింద అంకె పోయిన నెలకంటే నూట డెబ్బై రూపాయలు పైకి పోయింది.

ఆ సాయంత్రం మగవాళ్లు ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. రమ్య నీళ్లు పోస్తోంది, శిల్ప రొట్టెలు వేస్తోంది. అమర్నాథ్ బిల్లును కంచం పక్కన పెట్టుకుని చూశాడు.

"పోయిన నెల రమ్యకు పద్నాలుగు వందల చిల్లర. నీకేమో పదహారు వందలు దాటింది. నీ నెల రాంగనే మీటర్‌కు రెక్కలొస్తయా ఏందే?"

"పట్టపగలు వంటింట్ల లైటు ఏసుకోని కూసుంటది" అంది శరణమ్మ. ఆ వంటింటికి కిటికీ లేదన్న సంగతి ముప్పై ఏళ్లు అందులో పొగ మింగిన ఆమెకు తెలియనిది కాదు.

"ఉట్టిగ రాదు బిల్లు" అన్నాడు మామ రొట్టె తుంచుతూ. "ఇంట్ల ఏదో ఒకటి కాల్తనే ఉన్నది. ఏం కాలుతుందో చెప్పున్రి."

అమర్నాథ్ నవ్వాడు. "మేము లేనప్పుడు దొంగతనంగ ఏమన్న నడుపుతున్నవా?"

అతను ఊరికే అన్నాడు. అది శిల్పకూ తెలుసు. కాని ఆ మాట వినగానే ఆమె చెవుల్లో మామ గదిలోని కూలర్ చప్పుడు వినిపించింది. ఆ ఒక్క క్షణంలో అందరి కళ్లూ తన మీద నుంచి ఎటైనా పోతే చాలనిపించింది.

"రమ్య గ్రైండర్ రోజుకు రెండు గంటలు తిరుగుతది గద" అంది.

రమ్య పోస్తున్న నీళ్లు గ్లాసు దాటి నేల మీదికి పోయాయి. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. సచిన్ తల ఎత్తకుండా తిన్నాడు. మామ మాత్రం, "నేను అప్పుడే అన్న. వ్యాపారం నీది, బిల్లు మాదా?" అని, ఆ తర్వాత ఇంకా చాలా అన్నాడు. శరణమ్మ కోపమొస్తే కన్నడంలోకి మారుతుంది, ఆ పూట చాలాసేపు కన్నడంలోనే మాట్లాడింది. తెల్లవారి సచిన్ గ్రైండరును గోనెసంచిలో కట్టి, రమ్యను వెంటబెట్టుకుని రాయికోడ్ బస్సెక్కాడు. గ్రైండరును ఆమె పుట్టింట్లో దించేసి భార్యతో తిరిగి రావాలన్నది మామ ఆజ్ఞ. సచిన్ ఒక్కడే వచ్చాడు. "గ్రైండర్ అక్కడ్నుంచి కదలకుంటే నేను గూడ కదల అన్నది" అని చెప్పి దుకాణానికి పోయాడు.

ఆ తర్వాత వచ్చిన రోజులు శిల్పకు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు గడిచాయి. నాలుగు చేతుల పని మిగిలింది, చేసే చేతులు రెండయ్యాయి. పని ఆమెకు కొత్త కాదు. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర గిన్నెతో నిలబడి "పిండి ఉన్నదా శిల్పా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడమే కష్టమైంది. "లేదు." "రమ్య ఏది?" "ఊరికి పోయింది." "ఎప్పుడొస్తది?" నాలుగో రోజుకు ఎవరూ రాలేదు. వెనక వరండాలో ఒక్కతే గిన్నెలు తోముతుంటే, తానన్న మాట తనకే మళ్లీ మళ్లీ వినిపించేది. ఎందుకన్నాను? ఇదే ప్రశ్న. జవాబు ఆమెకు తెలుసు, దాని దగ్గరికి పోవడానికి భయం.

మే నెలలో న్యాల్‌కల్‌లో చుట్టాల పిల్ల లగ్గమైంది. అందరూ మూడు రోజులు పోయారు. ఇల్లు ఖాళీగా ఉంచకూడదని శిల్పను వదిలి పోయారు. మొదటి రోజు ఆమె ఎప్పటిలా పని చేసుకుంది, పన్నెండు కొట్టేసరికి చేయడానికేమీ మిగల్లేదు. రేకుల కింద ఇల్లు పెనంలా కాలుతోంది. మామ గదిలో కూలరుంది. ఆ గదిలోకి ఆమె ఊడవడానికి తప్ప ఎప్పుడూ పోలేదు. చాప తీసుకుపోయి నేల మీద వేసుకుంది, కూలర్లో నాలుగు బిందెల నీళ్లు పోసింది, స్విచ్చి వేసింది. నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు తానెవరో, ఏ ఇంట్లో ఉందో కాసేపు అర్థం కాలేదు. ఎవరూ పిలవకుండా, ఎవరికీ ఏదీ అందించకుండా, పట్టపగలు నాలుగు గంటలు. పెళ్లయిన పదిహేనేళ్లలో జ్వరమొచ్చినప్పుడు కూడా అంత నిద్ర పోలేదు. రెండో రోజూ అలాగే పడుకుంది. మూడో రోజూ. తర్వాత కూలర్లో మిగిలిన నీళ్లు పారబోసి, లోపల గుడ్డతో తుడిచి, చాప ఎండలో ఆరబెట్టి, అందరూ వచ్చేసరికి రొట్టెలు చేస్తూ కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. రమ్యకు కూడా. చెప్పడానికి ఏముంది అందులో? నిద్రపోయాను అని చెప్పాలా? కాని ఆ రోజునుంచి ఇంట్లో ఏ ఖర్చు పెరిగినా, అది తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తుందని ఆమెకు లోలోపల ఒక నమ్మకం.

బిల్లు గడువు దగ్గరపడింది. ఫోనులో కడితే మామకు నమ్మకం లేదు, రసీదు మీద ముద్ర పడాలి. శిల్ప కరెంటాఫీసుకు పోయి లైన్లో నిలబడింది. ముందు ఏడెనిమిది మంది. చేతిలో ఈ నెల బిల్లు, పాత రసీదులు దాచే సంచిలో పోయిన నెలది. ఊరికే నిలబడలేక రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇంటర్ దాకా చదివింది ఆమె, పెళ్లయ్యాక చదవవలసినవేవీ ఆమె చేతికి రాలేదు. యూనిట్లున్న చోట పోయిన నెల రెండు వందల ముప్పై ఆరు. ఈ నెల రెండు వందల ముప్పై నాలుగు.

మళ్లీ చూసింది. రెండు తక్కువ. గ్రైండరు తిరిగిన నెలే, లైటు వెలిగిన వంటిల్లే. పెరిగింది కరెంటు కాదు. కింద కొత్తగా ఒక వరస ఉంది, మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్ సీ ఏ. ఎదురుగా నూట డెబ్బై ఎనిమిది.

కౌంటర్లో కూర్చున్న ఆమెకు యాభై ఏళ్లుంటాయి, కళ్లద్దాలు ముక్కు చివర. శిల్ప డబ్బులివ్వకుండా వేలితో ఆ వరస చూపించింది.

"ఇదేంది మేడం?"

"ఇంధనం సర్దుబాటు ఛార్జీ. బొగ్గు పైసలమ్మా." ఆమె డబ్బుల కోసం చెయ్యి చాపింది, శిల్ప కదలకపోయేసరికి వెనక్కి తీసుకుంది. "చూడు, కరెంట్ ఎట్లొస్తది? బొగ్గు కాలబెడితే వస్తది. బొగ్గుకు ఇంతయితదని ముందుగాల ఒక అంచనా కడుతరు, దాని మీదనే నీ యూనిట్ రేటు. తర్వాత బొగ్గు పిరమయింది, రైలు కిరాయి పెరిగింది. ఆ ఎక్కువయింది ఎవరు కట్టాలె? కరెంట్ వాడినోళ్ల మీద యూనిట్‌కు ఇన్ని పైసలని పంచుతరు. లెక్క తేలెటాల్లకు నెలలు పడ్తది. ఇది ఏప్రిల్, మే, జూన్‌ది. ఎండకాలంది ఇప్పుడు దిగింది."

"బొగ్గు అగ్గువైతే తగ్గుతదా మేడం?"

"తగ్గాలె. తగ్గిన నెల మాత్రం ఎవరూ వచ్చి నన్ను అడుగరు."

వెనక ఎవరో నవ్వారు. శిల్పకు నవ్వు రాలేదు. మే అన్న మాట దగ్గరే ఆగిపోయింది. జూలైలో వచ్చిన గ్రైండరుకు ఈ పైసల్లో ఒక్కటి కూడా చెందదు. చెందేది మే నెలకు. గొంతు తగ్గించి అడిగింది.

"మే నెలల ఒకరు కూలర్ ఏసుకున్నరు మేడం. మూడు దినాలు. దినానికి నాలుగు గంటలు. అది ఇందులకు వస్తదా?"

ఆమె కళ్లద్దాల మీదుగా చూసింది. లైను పొడుగ్గా ఉన్నా క్యాలిక్యులేటర్ దగ్గరికి జరుపుకుంది. "పన్నెండు గంటలు. కూలర్‌కు రెండున్నర యూనిట్లు గూడ కాలయ్. యూనిట్‌కు పావలా పడ్డది మీకు." మీటలు నొక్కి తిప్పి చూపించింది. "అరవై పైసలు. ఎవరు ఏసుకున్నరు, నువ్వేనా?"

శిల్ప డబ్బులిచ్చింది. ముద్ర పడిన రసీదు తీసుకుని బయటికొచ్చి, అక్కడున్న సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. హైవే మీద చెరుకు లారీ ఒకటి పోతోంది. ఈ దేశంలో ఎక్కడో బొగ్గు ధర పెరిగింది. ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా ప్రతి ఇంటి మీదా పైసల లెక్కన పడింది. తమ ఇంట్లో మాత్రం అది మనుషుల మీద పడింది. ఏం కాలుతోందో చెప్పమని మామ అడిగితే, ఇంట్లో ఏమీ కాలడం లేదని చెప్పడానికి కాగితం అతని కొడుకు కంచం పక్కనే ఉంది. ఎవరూ చదవలేదు. తనూ చదవలేదు. చదవకముందే తన తప్పేనని ఒప్పుకుంది, ఒప్పుకున్న తప్పును తీసుకుపోయి రమ్య నెత్తిన పెట్టింది. అరవై పైసలు. దాన్ని దాచుకోవడానికి.

మరుసటి రోజు దవాఖానకని చెప్పి రాయికోడ్ బస్సెక్కింది.

రమ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పెసరకాయలు వలుస్తోంది. మూలన గోనెసంచి, కట్టిన తాడు విప్పలేదు. శిల్పను చూసి చాప మీద చోటు చేసింది గాని లేవలేదు.

"ఒక్కదానివే వచ్చినవా అక్కా?"

"ఒక్కదాన్నే."

"ఇంట్ల ఏమని చెప్పినవ్?"

"దవాఖానకని."

"మంచిగ చెప్పినవ్."

శిల్ప బిల్లులు రెండూ తీసి చాప మీద పరిచింది. యూనిట్లు చూపించింది, బొగ్గు సంగతి చెప్పింది, మే నెల చెప్పింది, చివరికి కూలర్ సంగతి కూడా చెప్పింది. రమ్య వేళ్లు ఆగకుండా కాయలు చీలుస్తూనే ఉన్నాయి.

"మూడు దినాలేనా పండుకున్నవ్?"

"మూడు."

"మంచిగ పట్టిందా నిద్ర?"

శిల్ప తలూపింది.

"నాకు చెప్పకపోతివి. ఇంకోసారి వాళ్లు ఎటన్న పోతే, నేను గేటు కాడ కావలి కూసుందు." రమ్య చేటలో తొక్కలు ఒక పక్కకు నెట్టింది. "ఆ మాట అందరి ముందల అన్నవక్కా. ఇయ్యాల పెసరకాయల ముందల చెప్తున్నవ్."

"రా రమ్యా. నేను అత్తమ్మకు చెప్త, అందరికి చెప్త."

"చెప్పు. నేను వస్తనని చెప్పకు." ఆమె మొదటిసారి శిల్ప కళ్లలోకి చూసింది. "నీ మాట నీకు ఆ పూటతోనే అయిపోయింది. నాకు రాయికోడ్ దాకా వచ్చింది."

గ్రైండరు గురించి అంటోందనుకుంది శిల్ప. చాయ్ తాగి, తిరుగు బస్సెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లో ఉన్నారు. కంచాలు పెట్టాక శిల్ప రొట్టెల డబ్బా దగ్గర కూర్చోకుండా నిలబడింది. చెమట పట్టిన చేతిలో బిల్లులు మెత్తబడ్డాయి. పెళ్లయినప్పటినుంచి ఆ ముగ్గురు మగవాళ్ల ముందు వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడిన గుర్తు లేదు.

"బిల్లు పెరిగింది గ్రైండర్‌తోని కాదు" అంది. "యూనిట్లు రెండు తక్కువనే ఉన్నయ్. బొగ్గు పిరమైందని అందరికి ఏసిన్రు, ఎండకాలంది. అప్పటికి గ్రైండర్ రానేలేదు."

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు?" అన్నాడు మామ.

"నేను తప్పు చెప్పిన గాబట్టి. మీరు న్యాల్‌కల్ పోయినప్పుడు నేను మీ కూలర్ ఏసుకోని పండుకున్న మామా. మూడు దినాలు. దాంతోనే బిల్లు పెరిగిందని భయపడ్డ. భయపడి రమ్య పేరు చెప్పిన. నా నిద్రకు పడ్డది అరవై పైసలు."

అమర్నాథ్ తండ్రి వైపు చూసి, "అరవై పైసలకు ఇంత కథనా? రొట్టె ఎయ్యి" అన్నాడు. అతనికి ఇది నిజంగానే చిన్న విషయం. అది చిన్న విషయం కావడమే శిల్పకు ఊపిరాడనివ్వలేదు.

అప్పుడు సచిన్ కంచం ముందుకు నెట్టాడు. ముఖం నల్లగా అయిపోయింది.

"నేను దాన్ని కొట్టిన వదినా" అన్నాడు. "రాయికోడ్ బస్టాండ్‌ల. సంచి పట్టుకోని దిగనంటే, అందరు చూస్తుండంగ. నీ గ్రైండర్‌తోని నా ఇజ్జత్ పోయిందని కొట్టిన. దాని తప్పు ఏం లేకుండె."

శిల్పకు చాప మీద కదులుతున్న రమ్య వేళ్లు కనిపించాయి. గంటసేపు ఎదురుగా కూర్చుని, తన మూడు రోజుల నిద్ర గురించి అడిగిన మనిషి ఆ దెబ్బ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

"రేపు పొద్దుగాల పోయి తోల్కస్త" అన్నాడు సచిన్. "గ్రైండర్ గూడ తెస్త."

"పో, తోల్కరా" అంది శరణమ్మ, ఊపిరి వదిలి. "మొగుడన్నంక ఒక దెబ్బ ఏస్తడు. మేం పడలేదా?"

"రెండు మాటలు మంచిగ చెప్పు, వస్తది" అన్నాడు అమర్నాథ్.

"తొందరగ తేపో" అన్నాడు మామ. "వచ్చే నెల బిల్లు ఆమెదే."

ఇన్ని రోజులుగా శిల్ప కోరుకుంది ఇదే. రేపు ఈ వేళకు రమ్య వెనక వరండాలో ఉంటుంది. అల్లుడే స్వయంగా వచ్చాడని పుట్టింటివాళ్లు బొట్టు పెట్టి పంపుతారు, ఆమె వద్దనడానికి అక్కడ ఎవరూ చోటివ్వరు. పిండి పాకెట్లు, చెప్పులు, నవ్వు, అన్నీ తిరిగొస్తాయి. వాటన్నిటి కింద ఆ దెబ్బ ఉంటుంది, ఆడవాళ్ల చేతుల్లోని మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఇంకో నెల ఇంకేదో పెరుగుతుంది. వరండాలో ఒక్కతే కూర్చునే గంటలు ఎలా ఉంటాయో శిల్పకు ఇప్పుడు బాగా తెలుసు.

"నువ్వు పోకు సచిన్" అంది. "నేను గూడ పిలువ."